హాజరు పట్టీ, కూలి పట్టీ

బాపట్ల, చీరాల మధ్య రైలు కట్ట పక్కనున్న స్టువర్టుపురం పేరు వినగానే తెలుగువాళ్లకు మనసులో మెదిలేది దొంగ. ఆ దొంగ ఎప్పుడూ మగవాడే. 1991లో ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. తెర మీద ఆ ఊరి ఆడవాళ్లు దొంగకు తల్లులు, పెళ్లాలు, ప్రియురాళ్లు. ఏడవడం, ఎదురుచూడడం, అడ్డుపడడం తప్ప వాళ్లకు పెద్దగా పని ఉండదు. పాత సర్కారు కాగితాల్లో మాత్రం వాళ్లు ఇంకోలా కనిపిస్తారు: నేరాన్ని కడుపులో మోసి కని పెంచేవాళ్లుగా, అందువల్ల మగవాళ్లకంటే ముందు దిద్దవలసినవాళ్లుగా. సినిమావాళ్ల జాలికీ దొరల అనుమానానికీ మూలంలో ఉన్న ఊహ ఒకటే. ఆడది మనసు మార్చుకుంటే ఇల్లు మారుతుంది, ఇల్లు మారితే నేరం పోతుందని. స్టువర్టుపురం నూరేళ్ల చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి చదివితే ఈ వరస తలకిందులుగా ఉందనిపిస్తుంది. అక్కడి స్త్రీలు నేరపు నీడ నుంచి బయటపడింది చేతిలో సొంత సంపాదన పడ్డప్పుడు, ఆ సంపాదన కోసం ఎవరి అనుమతీ అడగకుండా పక్క ఊరికి వెళ్లగలిగినప్పుడు. ఈ రెండూ లేనంతకాలం ఎన్ని ప్రార్థనలు చేయించినా, ఎన్ని ప్రమాణాలు చేయించినా నిలిచింది తక్కువ.

అసలు ఆ ఊరి ఎరుకల తెగ స్త్రీకి సంపాదన కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఎరుకలవాళ్లు తిరుగుడు వ్యాపారులు. కోస్తాలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు పోయి, అక్కడ ధాన్యానికి మార్చుకుని వచ్చేవాళ్లు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని శాఖలకున్న పేర్లన్నీ పనుల పేర్లే. ఈ పనుల్లో సగం ఆడవాళ్లవి. వెదురు దబ్బలు చీల్చి, ఈత బరికెలు నానబెట్టి బుట్టలు, తట్టలు, చేటలు అల్లడం, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మడం, పందులను సాకడం, అన్నింటికీ మించి ఎరుక చెప్పడం. సోదెమ్మకు ఎవరి గడపైనా తెరిచే ఉండేది. తిరుమల వెంకన్నే పద్మావతి కోసం ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్లాడని చెప్పుకునే జాతి మనది. యక్షగానాల్లో ఎరుకత రంగం మీదికొస్తే జనం సర్దుకుని కూర్చునేవాళ్లు. అంటే ఆమె రాకపోకల్లో అనుమానపడవలసింది ఏమైనా ఉందని ఊళ్లు అనుకోలేదు. కులం మెట్ల మీద ఆమెను కిందనే నిలబెట్టారు, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ ఆమె తిరగడాన్ని నేరంగా చూడలేదు.

తిరగడం నేరమైంది ఇంగ్లీషువాళ్ల హయాంలో, అంతకుముందే ఆ తిరుగుడులోని లాభం పోయింది. మద్రాసు రాజధానిలో ఉప్పు 1805 నుంచీ కంపెనీ గుత్త. దానికి తోడు రైళ్లొచ్చి బస్తాలకు బస్తాలు ఒక్క పూటలో మెట్టకు చేరవేయడం మొదలెట్టాక గాడిద మీద పెరిక వేసుకుని పోయేవాడి దగ్గర ఉప్పు కొనేదెవరు? 1876–78 కరువు పశువులను తినేసింది. 1882 అడవి చట్టంతో వెదురుకూ ఈత బరికెలకూ అడవిలో కాలు పెట్టాలంటే గార్డుకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఒక తరం గడిచేసరికి ఉప్పు వ్యాపారి ‘ఏ పనీ లేకుండా తిరిగేవాడు’ అయ్యాడు. నేరస్థ తెగల చట్టం ఉత్తరాదిన 1871లోనే వచ్చినా, మద్రాసుకు వర్తించింది 1911లో. ఒక తెగ పేరును గెజిటులో ప్రకటిస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాళ్ల వేలిముద్రలు తీసి పట్టీలో ఎక్కించవచ్చు. పట్టీలో ఎక్కినవాడు వేళకు హాజరు చెప్పాలి. కొన్ని చోట్ల రాత్రి పదకొండింటికోసారి, తెల్లవారుజామున మూడింటికోసారి. 1924లో తిరగరాసిన చట్టం ప్రకారం కొన్ని నేరాలకు రెండోసారి దోషిగా తేలితే ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష, మూడోసారికి యావజ్జీవ ద్వీపాంతరం. పట్టీలో పేర్లు ప్రధానంగా మగవాళ్లవే. అయితే ఏడేళ్ల శిక్ష అంటే జైలు బయట ఒక ఆడమనిషి ఏడేళ్లపాటు పిల్లల్ని ఒంటిచేత్తో సాకాలని అర్థం. ఎరుకల స్త్రీలు భర్త జైల్లో ఉండగా కులంలోనే ఇంకొకరితో ఉంటారని, అతను తిరిగొచ్చాక అతని దగ్గరికే వెళ్తారని తెగల వివరాలు సేకరించిన థర్‌స్టన్ వంటి దొరలు వింతగా రాసుకున్నారు. ఓలి ఇచ్చి చేసుకునే పెళ్లిళ్లు, మారుమనువులు ఉన్న కులంలో, శిక్షల పొడవు అంతగా పెంచాక, ఆమె బతికే దారి అదొక్కటీ మిగిలిందని వాళ్లకు తట్టలేదు. దాన్ని నీతి లేకపోవడంగా నమోదు చేసుకున్నారు.

స్టువర్టుపురం 1913–14 ప్రాంతంలో వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, నడిపే బాధ్యత రక్షణ సైన్యానికి, అంటే సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థకు మన దేశంలో పెద్ద అయిన ఫ్రెడరిక్ బూత్ టకర్ కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్న మనిషి. 1908లో గోరఖ్‌పూర్‌లో ఈ తెగల పని మొదలుపెట్టాడు. నేరాన్ని రోగంగా, తనను వైద్యుడిగా చూసుకుని దాని మీద ఒక పుస్తకమే రాశాడు. మన ప్రాంతంలోనే సీతానగరంలో వాళ్ల ఇంకో సెటిల్మెంటు, కావలిలో అమెరికన్ బాప్టిస్టులది మరొకటి. పట్టీలో పేరు మగవాడిదైనా సెటిల్మెంటుకు తరలించేది సంసారం మొత్తాన్ని. గీత దాటాలంటే పాసు కావాలి, పాసు లేకుండా దొరికితే శిక్ష. ఇక్కడ ఒక సంగతి నిలబడి చూడాలి. గంప నెత్తిన పెట్టుకుని పది ఊళ్లు తిరిగితేనే గిట్టుబాటయ్యే పని ఆమెది. ఆమె చేతిలోని వెదురును ఎవరూ లాక్కోలేదు, అల్లవద్దని ఎవరూ అనలేదు. ఊరు దాటడానికి చీటీ అడిగారు. దాంతోనే ఆ వ్యాపారం ముగిసింది. సోదె సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రైస్తవ మిషనరీకి అది మూఢనమ్మకం, పోలీసుకు ఇంటి ఆనవాళ్లు చూసిపోయే ఎత్తు.

తిరిగే స్త్రీని ఇంట్లో కూర్చునే ఇల్లాలిగా చేస్తే సంస్కారం పూర్తయినట్టేనన్న నమ్మకం ఒక్క రక్షణ సైన్యానిదే కాదు. 1858లో అండమాన్‌లో ఖైదీల వలస మొదలైన కొద్ది కాలానికే అక్కడికి ఆడ ఖైదీలనూ పంపారు. కొన్నేళ్లు సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీ స్త్రీ, సొంతంగా బతకడానికి అనుమతి పొందిన మగ ఖైదీని పెళ్లాడితే ఆడ జైలు గోడ దాటి బయటికొచ్చేది. పెళ్లే విడుదల పత్రం. స్టువర్టుపురంలో పెళ్లి బదులు పిల్లలను అడ్డుపెట్టుకున్నారు. తల్లి పెంపకంలోనే దొంగతనం అబ్బుతుందని నమ్మిన చట్టం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో, హాస్టళ్లలో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. మంచి తల్లిని తయారుచేస్తామంటూనే ఆమె దగ్గర పిల్లలను ఉండనివ్వకపోవడంలో ఉన్న వైరుధ్యం పాలకులకు తోచినట్టు లేదు.

ఇంతలో ఆ ఇల్లాళ్లతోనే వేరే పని పడింది. 1912లో గుంటూరులో మొదలైన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, జనం నోట ఐఎల్టీడీ, చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. బ్యారన్లలో ఆరబెట్టిన వర్జీనియా పొగాకు బేళ్లుగా వస్తుంది. వాటిని విప్పి ఆకును రంగు చూసి, పట్టుకుని, మచ్చలు చూసి వేరు చేయాలి; ఈనె తీయాలి; మళ్లీ ఆరబెట్టడానికి పంపాలి. ఈ గ్రేడింగు పనికి కంపెనీలు పెట్టుకున్నది ఎక్కువగా ఆడవాళ్లనే. వరసగా నేల మీద కూర్చుని పొద్దుగూకే దాకా ఆకు ఏరడం. పొగాకు ఘాటుకు దగ్గు, తుమ్ములు, కళ్ల మంట. చేతులకు పట్టిన జిగురు సబ్బు పెట్టి తోమినా సరిగ్గా వదలదు, అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. సీజను కొన్ని నెలలే, తర్వాత పని ఉండదు. స్టువర్టుపురం రికార్డులు తిరగేసి 2001లో పుస్తకం వేసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ ఫ్యాక్టరీ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. పని మానితే చట్టం ఊరుకోదని తెలిసిన కూలీలు పక్కనే దొరకడం ఏ కంపెనీకైనా వరమేనన్న ఆమె వాదన తోసిపుచ్చలేనిది. స్వచ్ఛందంగా వచ్చే కూలీకి సమ్మె చేసే దారి ఉంది, ఊరొదిలి పోయే దారి ఉంది. పాసు మీద వచ్చే కూలీకి రెండూ లేవు.

నా వాదనకు మొదటి అడ్డంకి ఇక్కడే వస్తుంది. సెటిల్మెంటే ఆ కూలి ఇప్పించింది కదా, ఎరుకల ఆడవాళ్లకు నెలకింత అని చేతికి రావడం, బడి, ఆసుపత్రి దొరకడం మిషన్ చలవే కదా అని అడగవచ్చు. బడి, ఆసుపత్రి మాట నిజం. అక్షరం ఆ ఊళ్లోకి వచ్చింది ఆ దారినే. తర్వాతి తరాల్లో ఉద్యోగాలకెక్కినవాళ్లకు తొలి మెట్టు అదే. దాన్ని కాదనడం కృతఘ్నత. కానీ మిషన్ తన గొప్పగా చెప్పుకున్నది కూలిని కాదు, మారిన హృదయాలను. ఆ లెక్కనే చూద్దాం. ముప్పై ఏళ్లకు పైగా ప్రార్థన, హాజరు, క్రమశిక్షణ నడిచిన తర్వాత 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31తో పోయింది. హృదయాలే మారి ఉంటే అక్కడితో కథ ముగియాలి. స్టువర్టుపురం ముఠాల పేరు రాష్ట్రమంతా మోగింది ఆ తర్వాతి పాతికేళ్లలోనే. మారనిది ఏమిటో వెతకడం కష్టం కాదు. సాగు చేసుకుంటున్న భూమి మీద హక్కు కాగితం చేతికి రాలేదు. ‘పాత నేరస్థుల’ పేరుతో 1948లోనే మద్రాసులో కొత్త చట్టం వచ్చింది, 1962లో ఆంధ్రప్రదేశ్‌కు తనదైన చట్టం వచ్చింది. స్టేషన్లో కేడీ షీట్లు తెరిచే ఉన్నాయి. ఎక్కడ చోరీ జరిగినా జీపు ముందు వచ్చేది ఈ వీధులకే.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. ఆడవాళ్లు అంత అమాయకులా? సొత్తు దాచలేదా, ఇల్లు చూసిరాలేదా, పోలీసులొస్తే అబద్ధం చెప్పలేదా? చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను దేవతలుగా చూపించడం కూడా ఒక రకం అవమానమే. అయితే దొంగతనపు ఆదాయం ఎటు పోయిందో చూస్తే వాళ్ల వాటా తెలుస్తుంది. దోచిన బంగారాన్ని సగం ధరకు కొని కరిగించేవాడు ఆ ఊరివాడు కాదు, పట్నంలో పరువుగా బతికేవాడు. బెయిలు ఖర్చు, వకీలు ఫీజు, మామూళ్లు, జైలుకు వెళ్లివచ్చే ఛార్జీలు, మధ్యలో అప్పుకు వడ్డీ పోను ఇంటికి మిగిలేది కొంచెం. పుస్తెలు తాకట్టు పెట్టి మొగుణ్ని విడిపించుకున్న మనిషి ఆ నేరం వల్ల బాగుపడిందని లెక్క కట్టలేం. ఆ లెక్క ఎవరికంటే బాగా ఆమెకే తెలుసు. మానమని ఆమె చెప్పలేకపోయింది తెలివి లేక కాదు, మానితే రేపు పొయ్యి మీద ఏం పెట్టాలో ఆమెకూ తెలియక.

బీదవాళ్లంతా దొంగలు కావడం లేదుగా అన్నది మూడో ప్రశ్న, బరువైనది కూడా. నిజమే, పక్క పల్లెలోని కూలీ స్త్రీకి కూడా పూట గడవడం కష్టమే. తేడా ఎక్కడుందంటే, ఆమె పని వెతుక్కుంటూ ఏ ఊరికైనా పోవచ్చు, తానెవరో చెప్పగానే యజమాని వెనక్కి తగ్గడు. స్టువర్టుపురం అని ఊరిపేరు చెప్పిన మనిషికి ఇంటిపని ఇచ్చేదెవరు, కొట్లో అరువిచ్చేదెవరు? ఈ ముద్రను బీదరికంతో కలిపి చూడకుండా రెంటినీ విడదీస్తే ఏదీ అర్థం కాదు. ఇంకో రుజువు వేరే ఊళ్ల నుంచి ఉంది. బుట్ట స్థానాన్ని ప్లాస్టిక్ తీసుకున్నాక, పందులను మునిసిపాలిటీలు తరిమాక, అనేక కాలనీల్లో, తండాల్లో ఆడవాళ్లు నాటుసారా కాపుకు దిగారు. అక్కడ కేసు మగవాడి మీద కాదు, నేరుగా ఆమె మీదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగి, 1993లో సారా నిషేధానికీ 1995లో సంపూర్ణ నిషేధానికీ బాట వేసిన రాష్ట్రంలోనే, ఇంకొందరు ఆడవాళ్లు పిల్లల ఫీజుల కోసం కుండల కింద మంట పెట్టారు. ఎక్సైజు వాళ్లు కుండలు పగలగొట్టారు, వారం తిరక్కుండా కొత్త కుండలు లేచాయి. చివరికి తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మానిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున సాయమిచ్చి వేరే బతుకుతెరువు చూపాలని నిర్ణయించింది. అది ఎంతవరకు సవ్యంగా అందిందన్నది వేరే చర్చ. లాఠీతో కానిది ఆదాయంతో చేయాలని సర్కారు ఒప్పుకోవడమే ఇక్కడ విషయం.

హేమలతా లవణం పేరు ఎత్తకుండా ఈ చర్చ ముందుకు సాగదు. నేను చెప్పేదానికి ఆమె జీవితమే పెద్ద ప్రతివాదమని అనేవాళ్లుంటారు. కవి గుర్రం జాషువా కూతురు, నాస్తిక ఉద్యమకారుడు గోరా కోడలు. భర్త లవణంతో కలిసి 1970ల్లో ‘సంస్కార్’ సంస్థ ద్వారా స్టువర్టుపురంలో పనిచేశారు. ముందు వినోబా, తర్వాత జయప్రకాశ్ నారాయణ్ చంబల్ బందిపోట్లను ఒప్పించి ఆయుధాలు కిందపెట్టించిన దారి అది, మాటతో మనసు మార్చే దారి. ఆమె చేసింది హృదయ పరివర్తన కాక మరేమిటని అడగవచ్చు. ఆ పనిని కొంచెం దగ్గరగా చూస్తే మాటతో పాటు కదిలినవి కనిపిస్తాయి. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వాన్ని ఒప్పించారు, పోలీసులతో మాట్లాడారు, పిల్లల చదువు, ఉపాధి పట్టించుకున్నారు. దొంగతో ‘మానెయ్’ అన్నంత గట్టిగా సర్కారుతో ‘వదిలెయ్’ అన్నారు. మిషన్‌కూ ఆమెకూ ఉన్న తేడా అదే. మిషన్ పోలీసు ఇచ్చిన అధికారంతో ఊళ్లో అడుగుపెట్టింది. ఆమె పోలీసును దూరం పెట్టమని అడుగుతూ అడుగుపెట్టారు. అంటరానితనం ఎలా ఉంటుందో తండ్రి పద్యాల్లోనే కాక ఇంట్లోనూ ఎరిగిన మనిషి కాబట్టి, ముద్ర పడ్డవాళ్లతో మాట్లాడడం ఆమెకు తేలికై ఉంటుందని నా ఊహ. తర్వాత నిజామాబాదు ప్రాంతంలో దేవుడి పేరిట అంకితమైన జోగినుల మధ్య పని చేసినప్పుడూ ఆమె పట్టుబట్టినవి పెళ్లి, పిల్లలకు గుర్తింపు, చదువు, బతుకుతెరువు. ఆ ఆచారాన్ని ఆపే దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. చట్టం ఒక్కటే చాలదని ఆమెకు ముందే తెలుసు. 2023 సినిమాలో ఆమె పాత్రను రేణు దేశాయ్ చేశారు. ఆ సినిమా దొంగ కథే అయినా, ఆమె పేరు కొత్త తరానికి ఆ పూటకైనా వినిపించింది.

హేమలత పని తర్వాత వచ్చిన మార్పును ఎవరూ పెద్దగా రాయలేదు, ఎందుకంటే అందులో నాయకులు లేరు. దాన్ని చెప్పాలంటే ముందు పూచీకత్తు సంగతి చెప్పాలి. పాత నేర ప్రక్రియా స్మృతిలో (సీఆర్పీసీలో) 109, 110 సెక్షన్లని ఉండేవి. ఆదాయం చూపలేనివాణ్ని, చెడ్డపేరు ఉన్నవాణ్ని పట్టుకుని మంచి నడవడికకు పూచీకత్తు అడిగేవాళ్లు. పూచీపడేవాడు దొరక్కపోతే జైలే. ముద్రపడిన తెగ మనిషికి పూచీ ఎవరు పడతారు? అందుకే నేరం చేయకుండానే జైలుకెళ్లినవాళ్లు కోకొల్లలు. 1990ల్లో డ్వాక్రా సంఘాలు ఊరూరా లేచినప్పుడు ఈ కాలనీల్లోనూ లేచాయి. పది పదిహేనుమంది ఆడవాళ్లు ఒకరికొకరు పూచీపడితే బ్యాంకు అప్పిస్తుంది. ఆస్తి కాగితం అడగదు, మొగుడి మీద ఎన్ని కేసులున్నాయని అడగదు, వాయిదా కట్టిందా లేదా అనే చూస్తుంది. పొదుపు పుస్తకంలో తన పేరు మీద తొలి గీత పడ్డ స్త్రీ మనసు మార్చుకుందో లేదో మనకు అక్కర్లేని సంగతి. గేదె కొనుక్కుంది, కుట్టుమిషను కొనుక్కుంది, బడ్డీకొట్టు పెట్టింది, కూతుర్ని నర్సింగ్‌లో చేర్పించింది. డ్వాక్రాకు లోపాలు చాలా ఉన్నాయి, తర్వాత వచ్చిన మైక్రోఫైనాన్సు కంపెనీలు ఎందరినో ముంచాయి కూడా. అయినా మిషన్ ముప్పై ఏళ్లలో ఇవ్వలేనిదొకటి అది ఇచ్చింది. హాజరు చెప్పకుండా వచ్చే డబ్బు.

రాజ్యం మాత్రం తన పాత పట్టీని పూర్తిగా మూయలేదు. పాత నేరస్థుల చట్టాన్ని ఎత్తేయమని జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2007లో భారతదేశాన్ని అడిగింది. 2024 అక్టోబరు 3న, సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది. సంచార తెగలవాళ్లను, ఒకనాటి నేరస్థ తెగలవాళ్లను పుట్టుక చూసి అలవాటుపడ్డ నేరస్థులుగా జమకట్టే రాతలు కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో అప్పటిదాకా అలాగే ఉన్నాయని ఆ తీర్పుతోనే చాలామందికి తెలిసింది. వాటిని సవరించడానికి కోర్టు రాష్ట్రాలకు మూడు నెలల గడువిచ్చింది.